కుర్చీ పక్కన పట్టేంత బండి

బెర్నడీన్ హుడాక్‌కి నచ్చిన మనుషులు తక్కువ. నచ్చనివాళ్ల దగ్గర ఆ సంగతి దాచుకునే అలవాటు అంతకన్నా తక్కువ. పిట్స్‌బర్గ్‌లో నదికి దక్షిణాన, కొండను అంటిపెట్టుకున్న వీధుల్లో పుట్టి అక్కడే అరవైకి దగ్గరపడింది. ఇల్లిల్లూ తిరిగి జుట్టు కత్తిరించడం ఆమె పని. మెట్లు దిగలేక, బస్సు దాకా నడవలేక ఇంటిపట్టునే ఉండిపోయిన ముసలమ్మలకి వారానికోసారి తల కడిగి, రోలర్లు చుట్టి, ఆరబెట్టి, ఊళ్లో కబుర్లన్నీ చెవిన వేసి వస్తుంది. కబుర్లలో ఎవరి గురించీ మంచి ఉండదు. ముసలమ్మలకి అదే ఇష్టం.

సామానంతా బండి వెనక తగిలించిన రెండు తోలుసంచుల్లో పట్టేది. ఆ బండి పేరు మేక. ఆమె పడుచుగా ఉన్న రోజుల్లో జపాన్ నుంచి వచ్చిన రెండువందల సీసీ బండి. బెర్నడీన్ ఐదడుగులకు అంగుళం తక్కువ. మేక మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేవి. పడిపోతే తానే లేపుకునేది. మంచు కరిగి రాళ్లు జారే వీధుల్లో కూడా అది కొండ ఎక్కింది.

కొండ మీద ఆమె పని సాగిందంటే మేక వల్లే. ఆ వీధుల్లో కారు పెట్టుకునే చోటు దొరకదు. ఎక్కడైనా ఖాళీ కనిపిస్తే అక్కడ ఒక కుర్చీ ఉంటుంది. ఎవరి వాకిటి ముందు రోడ్డు వాళ్లదని చట్టం ఎక్కడా చెప్పలేదు. కానీ వంటింటి కుర్చీ ఒకటి తెచ్చి రోడ్డు మీద పెడితే ఆ చోటు కుర్చీగలవాళ్లది. ఇంకొకరు దాన్ని జరపరు. పోస్టు తెచ్చేవాడు జరపడు, పోలీసు జరపడు, చుట్టపుచూపుగా వచ్చిన సొంత అన్నదమ్ముడు కూడా జరపడు. బెర్నడీన్ ఏ కుర్చీనీ ముట్టుకోకుండా, కుర్చీకీ కరెంటు స్తంభానికీ మధ్య మిగిలిన సందులో మేకను దూర్చేసి లోపలికి పోయేది.

ఆ వసంతంలో మేక చచ్చింది. రాష్ట్రం ఏటా చేయించే తనిఖీకి తీసుకెళ్తే మెకానిక్ డెస్మండ్ బండి కింద పడుకుని చాలాసేపు లేవలేదు. లేచి చేతులు తుడుచుకుంటూ, ఇంజను ఇంకా పదేళ్లు తిరుగుతుందని, దాన్ని మోసే చట్రాన్నే చలికాలాల్లో రోడ్ల మీద చల్లిన ఉప్పు తినేసిందని చెప్పాడు. తనిఖీ దాటినట్టు స్టిక్కరు అంటించనన్నాడు. అతుకు వెయ్యమంది. వేస్తే దిగుడులో రెండు ముక్కలవుతుంది, నీ తల కత్తిరించే పని నాకొద్దు అన్నాడు. బెర్నడీన్ అతన్ని నానా మాటలూ అని, కన్నీళ్లు కనిపించకుండా హెల్మెట్ పెట్టుకుని, నడిచి ఇంటికి వచ్చింది.

పోతే పోయింది, ఇంకోటి కొనుక్కుందాం అనుకుంది. ఇంత పెద్ద దేశంలో ఒక చిన్న బండి దొరక్కపోతుందా అనుకుంది. అక్కడే పప్పులో కాలేసింది.

మొదటి షోరూము ఊరి బయట హైవే పక్కన ఉంది. బస్సు దిగాక కాలిబాట లేదు. లారీల గాలికి కొట్టుకుపోతూ రోడ్డు అంచున నడిచింది. కారు లేనిదే చేరుకోలేని చోట మోటారుసైకిళ్లు అమ్మే తెలివికి దారిపొడుగునా దండం పెట్టుకుంది. లోపల అద్దాల వెనక వరసగా నిలబెట్టిన బండ్లు ఒక్కొక్కటీ బర్రె అంత ఉన్నాయి. కొన్నిటికి రేడియోలు, కొన్నిటికి సీటును వెచ్చబెట్టే తీగలు, ఒకదానికి కాఫీ కప్పు పెట్టుకునే గిన్నె. వాటి మధ్య నుంచి బ్రెంట్ అనే కుర్రాడు తోలుకోటు వేసుకుని వచ్చాడు. గడ్డం నూనె రాసి దువ్వి ఉంది. మబ్బు పడితే బండి తీయని రకమని బెర్నడీన్ చూడగానే తేల్చేసింది.

"మొదటి బండా, మేడమ్?" అన్నాడు.

"నువ్వు పుట్టకముందు నుంచి నడుపుతున్నాను."

"మరి ఇంకా చిన్నదెందుకండీ?"

అతని ముఖంలో వెటకారం ఏమీ లేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. బెర్నడీన్‌కి అదే ఒళ్లు మండించింది. ఈ దేశంలో బండి నేర్చుకున్నవాడికి ఏటేటా బరువు పెరగాలి. చిన్నది తొక్కేవాడు ఇంకా బడిలో ఉన్నట్టు లెక్క, ఎంత మోయలేనిది కొంటే అంత మొనగాడు. ఆడవాళ్లంతా దీన్నే ఇష్టపడతారంటూ బ్రెంట్ సీటు కిందకి దించిన ఒక నల్లటిదాన్ని చూపించాడు. అది బెర్నడీన్‌కి ఐదింతల బరువు. ఎక్కి కూర్చుంటే కాళ్లు ఆనాయి, కానీ పక్కకి వంచి నిటారుగా లేపబోతే నడుము కలుక్కుమంది.

"పడితే లేపేదెవరు?" అంది.

"పడదండీ."

"పడనిది ఇల్లొక్కటే నాయనా. చిన్నది చూపించు."

చిన్నది ఆరు నెలల్లో మీకు చాలదు, ఎదిగిపోతారు అన్నాడు బ్రెంట్. అందరికీ చెప్పే మాటే. షోరూము గోడ మీద కూడా రాసి ఉండాల్సింది.

"పదమూడో ఏట ఎదగడం ఆపేశాను. ఇప్పుడు మొదలెడతానంటావా?" అని బెర్నడీన్ హెల్మెట్ తీసుకుని బయటపడింది.

రెండో షోరూములో చిన్న బండ్లు ఉన్నాయి. పసుపొకటి, ఎరుపొకటి, చూడముచ్చటగా. రెండూ అమ్ముడైపోయాయట. కొన్నాయన వాటిని తన ఇల్లంత బస్సు వెనక తగిలించుకుని అడవులకు పోతాడట, అక్కడ దింపి స్నానాల గది దాకా తొక్కుతాడట. మళ్లీ ఎప్పుడొస్తాయంటే పేరు రాసి వెళ్లమన్నారు. మూడోచోట తేలికవి వరసగా ఉన్నాయి, కానీ అవి బురదలో ఎగిరేవి. సీటు ఆమె రొమ్ము ఎత్తున ఉంది, దీపాలు లేవు. ఇవి అడవికా, అవి పిల్లలకా, ఆ మూలవి పందేలకా అని అడిగి, మరి ఊళ్లో తిరగడానికేదీ అంది. కౌంటరు వెనక ఉన్నాయన పాపం మర్యాదగానే, ఊళ్లో తిరగడానికి కారుంది కదమ్మా అన్నాడు.

ఈలోగా కొండ మీద పని చెడిపోతోంది. బెర్నడీన్ సామాను భుజాన వేసుకుని మెట్లదారుల్లో ఎక్కసాగింది. ఎడమ మోకాలు ఎప్పటినుంచో బాగాలేదు. సగం ఇళ్లకే వెళ్లగలిగింది. మిగిలిన సగంలో కొండకొన ఇంటి ఆగ్నెస్ టోత్ ఉంది. తొంభై దాటిన మనిషి. జుట్టు చూడటానికి ఏదో కంపెనీ పంపిన పిల్ల ఆమె దగ్గరికి కారులో వచ్చింది. కారు పెట్టే చోటు కోసం వీధి చుట్టూ తిరిగింది, కుర్చీలన్నీ చూసింది, ఫోన్ చేసి క్షమించమని చెప్పి వెళ్లిపోయింది. ఆగ్నెస్ భుజాల మీద తువ్వాలు కప్పుకుని కిటికీ దగ్గర కూర్చుని చీకటి పడేదాకా చూసిందట. ఆ కబురు విన్న మర్నాడు బెర్నడీన్ మోకాలికి పట్టీ కట్టుకుని పైదాకా ఎక్కింది. గుమ్మంలోకి వచ్చేసరికి మాట రావడం లేదు.

ఆగ్నెస్ ఆమె ఆయాసం చూసి మంచినీళ్లు చూపించింది. తల కడిగించుకుంటూ అంది:

"నాకు అందమెందుకు పిల్లా. ఏ పొద్దున్నో లేవను. చూడ్డానికి వచ్చినవాళ్లకి వెనకజుట్టు దిండుకి అణిగిపోయి కనిపించకూడదు, అంతే."

"వచ్చే వారం వస్తాను," అంది బెర్నడీన్.

"ఎలా?"

బెర్నడీన్ రోలర్లు కాస్త గట్టిగా చుట్టింది.

ఇంటికొస్తే పక్కింటి వాల్ట్ జెలెంకా వాకిట్లో తన బండికి స్నానం చేయిస్తున్నాడు. ఆ చుట్టుపక్కల అంత కోపం తెప్పించే దృశ్యం బెర్నడీన్‌కి మరొకటి లేదు. వాల్ట్ సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆరడుగుల పైన ఎత్తు, అంతకు తగ్గ పొట్ట, వెనక తెల్లటి పిలక. భార్య డొలోరెస్ చనిపోయిన ఏడాది ఆ బండి కొన్నాడు. రేడియో, వెచ్చటి సీటు, కప్పు గిన్నె అన్నీ ఉన్నదే. అది ఒక కారు చోటంతా ఆక్రమిస్తుంది. అది లేనప్పుడు ఆ చోట డొలోరెస్ వంటింటి పసుపుపచ్చ కుర్చీ ఉంటుంది. లేని రోజులు ఎన్నని. వేసవిలో రెండుమూడు సార్లు ఐస్‌క్రీముకి, ఏప్రిల్ చివరి ఆదివారం చర్చికి.

డొలోరెస్ జుట్టు చివరిదాకా బెర్నడీనే చూసింది. మందులకి ఊడిపోయాక కూడా వెళ్లి నెత్తికి నూనె రాసొచ్చేది. అందుకే వాల్ట్‌ని తిట్టే హక్కు తనకుందని ఆమె నమ్మకం.

"ఎప్పుడైనా నడుపుతావా వాల్ట్, నలుగు పెట్టడమేనా?" అంది.

"నీ మేక పోయిందటగా," అన్నాడు వాల్ట్ గుడ్డ పిండుతూ. "బెంగగా ఉంటే చెప్పు, వెనక కూర్చోబెట్టుకుని తిప్పుతా."

"నేనెవరి వెనకా కూర్చోను. అందులోనూ దిగడం రానివాడి వెనక అసలు కూర్చోను."

వాల్ట్ నవ్వాడు గాని చెవులు ఎర్రబడ్డాయి. నిజమే, అతనికి ఆ బండి దిగడం సరిగా రాదు. బస్సు నడిపినవాడికి తాను మోయాల్సినది ఎన్నడూ లేదు. ఆ వీధి వాలుగా ఉండటం వల్ల కాలు దించి బండిని ఆపేటప్పుడు ప్రతిసారీ అతని ముఖం ఎలా బిగుసుకుంటుందో బెర్నడీన్ కిటికీలోంచి చూసేది. అలాంటివి చూడకుండా వదిలే మనిషి కాదు ఆమె.

ఏప్రిల్ చివరి ఆదివారం కొండ కింది చర్చి ముందు బండ్లకు దీవెన. ఏడాదికోసారి చుట్టుపక్కల బండ్లన్నీ వచ్చి బారులు తీరితే, ఫాదరు బకెట్టు పట్టుకుని ఒక్కో బండి మీదా పవిత్రజలం చల్లుకుంటూ పోతాడు. ఏటా బెర్నడీన్ మేకను వరస చివర నిలబెట్టేది. ఫాదరు వచ్చేసరికి బకెట్టులో అడుగున కొంచెమే మిగిలేది. మేకకి అంతే చాలనేది ఆమె. ఈసారి నడిచి వెళ్లింది. చేతులు కట్టుకుని గోడకి ఆని నిలబడి, ఎవరెవరు ఎంతెంత ఇనుము కొనుక్కున్నారో చూసి పళ్లు నూరింది. అందులో సగం బండ్లు ఆ ఒక్కరోజే ఎండ చూస్తాయి. దేవుడి నీళ్లు కూడా దుబారా అనుకుంది.

దీవెన అయ్యాక ఆమె మెట్లదారిన వీధికి చేరేసరికి వాల్ట్ కూడా వచ్చాడు. అరుగుల మీద జనం ఉన్నారు. ఆదివారం, ఎండ, చేతుల్లో బీరు. వాల్ట్ తన చోటు ముందు ఆగాడు. కుర్చీ ఉంది. దిగి కుర్చీ తీయాలి. దిగాలంటే వాలులో బండిని స్టాండు మీద వెయ్యాలి. అది అంతమంది ముందు అతనికి చేతకాదు. ఎవరినైనా కుర్చీ తీయమనాలి. ఆ వీధిలో పుట్టి పెరిగినవాడు నా కుర్చీ తియ్యమని ఇంకొకరిని అడగడు, అడిగినా తీసేవాళ్లు లేరు. అందుకని వాల్ట్ బండి మీద కూర్చునే కుడికాలు చాచి కుర్చీని పక్కకి తోయబోయాడు.

బండి నెమ్మదిగా పక్కకి వాలింది. వాల్ట్ రెండు చేతులతో పట్టుకున్నాడు, ముఖం కందగడ్డయింది, అయినా అది వాలుతూనే ఉంది. పెద్ద చప్పుడేమీ లేదు. అద్దం పగిలిన శబ్దం, రేడియోలో ఎవరో పాడుతున్న శబ్దం. వాల్ట్ ఎడమకాలు దాని కింద ఉంది.

అరుగుల మీంచి మగాళ్లు నలుగురు పరుగున వచ్చారు. వచ్చి ఆగిపోయారు. బండిని లేపి పెట్టాల్సిన చోట కుర్చీ ఉంది. ఒకడు కుర్చీ చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి పట్టబోయాడు, అందలేదు. ఇంకొకడు వాల్ట్‌ని, కుర్చీ తియ్యమంటావా అని అడిగాడు. కింద నలుగుతున్న మనిషిని అనుమతి అడిగాడు. వాల్ట్ పళ్లు బిగబట్టి ఉన్నాడు. అప్పుడు బెర్నడీన్ వచ్చి డొలోరెస్ కుర్చీని వీపు పట్టుకుని ఎత్తి కాలిబాట మీద పెట్టింది. నలుగురూ నోళ్లు తెరిచి చూశారు. తర్వాత బండి లేపారు.

కాలు విరగలేదు. చీలమండ వాచింది, ప్యాంటు చిరిగింది. అంతటితో ఊరుకోవచ్చు. బెర్నడీన్ ఊరుకోలేదు. మేక పోయిన దుఃఖం, షోరూముల మీద కసి, మోకాలి నొప్పి అన్నీ కలిసి నోటికొచ్చాయి.

"మోయలేనిదాన్ని ఎందుకెక్కుతావయ్యా? లేపగలిగినదాన్ని నడుపు. సిగ్గనిపిస్తే ఇంట్లో కూర్చో," అంది వీధి వీధంతా వినేట్టు.

ఎవరూ నవ్వలేదు. వాల్ట్ కుంటుతూ లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. బెర్నడీన్‌కి ఆ రాత్రి అన్నది తప్పనిపించలేదు. అందరి ముందూ అనాల్సింది కాదేమో అని మాత్రం కాస్త అనిపించింది.

మరుసటి వారంలో వాల్ట్ బావమరిది ట్రైలరు తెచ్చి బండిని ఎక్కించుకుపోయాడు. చోట్లో పసుపు కుర్చీ ఒక్కటే మిగిలింది. మొనగాడు చేతులెత్తేశాడన్నమాట అని బెర్నడీన్ ఆగ్నెస్‌కి చెప్పి నవ్వబోయింది. ఆగ్నెస్ నవ్వలేదు. పోయేముందు డొలోరెస్ వాల్ట్‌ని ఒంటరిగా వదిలి పోతున్నాను అనేది కదే, అంది. బెర్నడీన్ డ్రయ్యరు ఆన్ చేసి ఆ మాట ముంచేసింది. ఆ రోజు మెట్లు దిగుతుంటే మోకాలు సడలి రెండుసార్లు కూర్చుండిపోయింది. వచ్చే వారం రాలేనేమో అని మొదటిసారి తనకు తాను ఒప్పుకుంది.

ఫోనులో ప్రకటన కనిపించింది మరునాడే. మిల్‌వేల్‌లో గ్లెన్ అనే ఆయన అమ్ముతున్నాడు. రెండువందల ముప్పై సీసీ, తేలిక, సీటు పొట్టి, పెద్దగా తిరగనిది. కూతురు నేర్చుకోవడానికి కొని ఆరు నెలలకే పెద్దది కొనుక్కుందట. బెర్నడీన్ ఆ ఫోటోను వేళ్లతో పెంచి పెంచి చూసింది. చక్రాలు చూసింది, చట్రం చూసింది, సీటు ఎత్తు చూసింది. ఫోన్ చేస్తే వచ్చి చూడమన్నాడు. ఇంకా ఎవరో కూడా అడిగారని ఏదో అన్నాడు గాని ఆమె వినిపించుకోలేదు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని రెండు బస్సులు మారి, రెండు నదులు దాటి వెళ్లింది. నడిపి తిరిగి రావాలని వెళ్లింది.

గ్లెన్ గరాజు తలుపు పైకెత్తి ఉంది. లోపల ఒక మూల కవరు కప్పిన పెద్ద బండి, కూతురు ఎదిగి ఎక్కినది, దుమ్ముకొట్టుకుపోయి ఉంది. మధ్యలో చిన్నది. నీలం రంగు, శుభ్రంగా, నేరుగా ఫోటోలోంచి దిగినట్టే. దాని మీద వాల్ట్ కూర్చున్నాడు.

మోకాళ్లు హ్యాండిలుకి తగులుతున్నాయి. పొట్ట ట్యాంకు మీద ఆనింది. వెనక సీటు కనిపించడం లేదు. పాదాలు మాత్రం రెండూ నేల మీద పూర్తిగా ఆనాయి. ముఖం బిగుసుకుని లేదు. ఇన్నాళ్లలో ఒక బండి మీద వాల్ట్ ముఖం అలా చూడటం ఆమెకు ఇదే మొదటిసారి.

"మీరేనా ఫోన్ చేసింది?" అన్నాడు గ్లెన్. "అయ్యో, ఇప్పుడే ఈయనతో చెయ్యి కలిపాను. అయినా ఆయన ఇంకా ఆలోచిస్తున్నారనుకోండి. నేనూ చెప్తున్నా, ఇంతటి మనిషికి ఇది బొమ్మలా ఉంటుంది, ఆరు నెలల్లో..."

"ఎదిగిపోతాడు," అంది బెర్నడీన్.

వాల్ట్ ఆమెను చూశాడు, ఆమె చేతిలోని హెల్మెట్‌ను చూశాడు. మెడ దగ్గర్నుంచి ఎర్రబడ్డాడు.

"నువ్వే కదా అన్నావు, లేపగలిగినదాన్ని నడపమని," అన్నాడు. "ఇందాక పక్కకి పడుకోబెట్టి లేపాను. ఒంటిచేత్తో." హ్యాండిలు తుడుస్తూ అన్నాడు: "నవ్వేదుంటే ఇక్కడే నవ్వేయ్ బెర్నీ. వీధిలో వద్దు."

బెర్నడీన్ నాలుక మీద మాట సిద్ధంగా ఉంది: సర్కసులో ఎలుగుబంటిని చూశాను గాని ఇంత దగ్గరగా చూడలేదు. అంతే చాలు. ఇంకా కావాలంటే డొలోరెస్ పేరు ఒకసారి ఎత్తితే చాలు. వాల్ట్ దిగిపోతాడు. బావమరిది దగ్గరికి పోయి ఆ బర్రెను వెనక్కి తెచ్చుకుని మళ్లీ స్నానాలు చేయిస్తాడు, ఇంకోసారి దాని కింద పడతాడు. నీలం బండి తనది అవుతుంది, వారం తిరిగేసరికి ఆగ్నెస్ గుమ్మంలో ఉంటుంది. గ్లెన్ కూడా ఆమె నోటివైపే చూస్తున్నాడు. మోకాలు జివ్వున లాగుతోంది.

బ్రెంట్ గుర్తొచ్చాడు. నూనె రాసిన గడ్డం, చిన్నదెందుకండీ అన్న ముఖం. ఊళ్లో మగాళ్లందరినీ బర్రెల మీదకి ఎక్కించింది చిన్నబండిని చూసి జనం నవ్వే ఆ ఒక్క నవ్వే. ఆ నవ్వును తిడుతూ ఊరంతా తిరిగి, ఇప్పుడు దాన్నే బయటకు తీయబోతోంది. తన మీద తనకే రోత పుట్టింది. అలవాటు లేని రుచి అది.

"అద్దాలు పైకి తిప్పుకో," అంది. "లేకపోతే నీ భుజాలే కనిపిస్తాయి నీకు."

వాల్ట్ ఇంకా ఏదో వస్తుందని కాసేపు చూశాడు. ఏమీ రాలేదు. అద్దాలు తిప్పుకున్నాడు.

కాగితాల పని అయ్యేలోపు బెర్నడీన్ బస్టాపు వైపు నడిచింది. కళ్లు మండుతున్నాయి. ఇదంతా నా నోటి దూల, ఊళ్లో ఒక్క మగాడికి బుద్ధి చెబితే వాడు నా బండే ఎత్తుకుపోయాడు అని తిట్టుకుంది. వెనక నీలం బండి ఆగింది.

"బస్సు ఇంకో గంటకి గాని లేదు. ఎక్కు," అన్నాడు వాల్ట్.

"నేనెవరి వెనకా..."

"తెలుసు. ఎక్కు."

మోకాలు ఆమె తరఫున ఒప్పుకుంది. మిగిలిన వేలెడు సీటు మీద కూర్చుని, పట్టుకోవడానికి వాల్ట్ కోటు తప్ప ఏమీ లేక దాన్నే పట్టుకుంది. అతను బండిని కూడా బస్సులాగే నడిపాడు. ప్రతి మలుపూ విశాలంగా తిప్పాడు, ఎర్రదీపం కనిపించిన దగ్గర్నుంచే నెమ్మదించాడు. వంతెన మీద పెద్దబండి ఒకటి ఎదురొచ్చింది. దాని మీదాయన బండివాళ్ల మర్యాద ప్రకారం చెయ్యి కిందకి చాచబోయి, వీళ్లను చూసి మానేశాడు. వాల్ట్ చెయ్యి గాల్లో ఉండిపోయింది.

"మా చిన్నబండ్లవాళ్లకి ఎప్పుడూ చెయ్యి ఊపరు," అంది బెర్నడీన్ అతని వీపుతో. "అలవాటు చేసుకో."

కొండ మొదట్లో బండి బాగానే ఎక్కింది. రాళ్లు పరిచిన వీధి దగ్గర మూలిగింది. నిలువు ఎక్కుడులో సగానికి వచ్చి ఆగిపోయింది. వాల్ట్ బ్రేకు పట్టి, రెండు కాళ్లూ దించి, వెనక్కి జారకుండా నిలబెట్టాడు. కొంచెం గర్వంగానే నిలబెట్టాడు. ఒకరు దిగాలి. బెర్నడీన్ దిగబోయింది.

"నువ్వు కాదు," అన్నాడు. తాను దిగి హ్యాండిలు ఆమె చేతికిచ్చాడు. "నువ్వెక్కించు. నేను నడిచొస్తా."

బెర్నడీన్ ముందుకి జరిగి కూర్చుంది. పాదాలు రెండూ నేలకు ఆనాయి. మొదటి గేరులో వేసి వదిలింది, మేకలాగే ఎక్కింది, మేకకన్నా బాగా ఎక్కింది. వీధి దాటి ఇంటి ముందుకొచ్చి ఆగింది. పసుపు కుర్చీ చోట్లో ఉంది. అరుగు మీద ఆ ఆదివారం పరుగున వచ్చిన నలుగురిలో ఇద్దరు ఉన్నారు, చూస్తున్నారు. ఆమె కుర్చీని రెండోసారి ఎత్తింది. బండిని స్తంభానికి దగ్గరగా నిలబెట్టింది. కారు పట్టే చోట్లో అది ఒక మూలకి సరిపోయింది, మిగిలినదంతా ఖాళీ. కుర్చీని ఆ ఖాళీలో వేసి, మోకాలు చాచుకుని దాని మీద కూర్చుంది. ఆ వీధిలో రోడ్డు మీద కుర్చీల మీద ఎవరైనా కూర్చోగా చూసినవాళ్లు లేరు.

వాల్ట్ చాలాసేపటికి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది, పిలక విడిపోయింది, ఊపిరి అందడం లేదు. బెర్నడీన్ లేచి కుర్చీ ఇచ్చింది. అతను కూలబడ్డాడు.

"ఆ ముసలావిడ దగ్గరికి ఎప్పుడెళ్లాలి నువ్వు?" అన్నాడు మాట వచ్చాక.

"గురువారం."

"పనిరోజుల్లో నాకు బండితో ఏం పని? ఆదివారం మాత్రం నాది." తాళం కోసం చెయ్యి చాచలేదు. ఆమె ఇవ్వనూ లేదు.

"ఆదివారం నువ్వెళ్లొచ్చేసరికి చోట్లో కుర్చీ ఉంటుంది," అంది. "దిగకుండా మళ్లీ కాలుతో తన్నుతావు. ఎవరు తీస్తారు?"

"నువ్వే," అన్నాడు వాల్ట్ కళ్లు మూసుకుని. "ఇప్పటికి రెండుసార్లు తీశావుగా."

బెర్నడీన్ తాళం కోటు జేబులో వేసుకుని, ఆ పిలక చూస్తే వాంతికొస్తోంది, రేపు కత్తెర తెస్తానని చెప్పి లోపలికి వెళ్లింది.